తగ్గింపు ధరకు ట్రావెల్ గిఫ్ట్ కార్డు కొంటున్నారా? ముందు ఈ షరతులు చూడండి

పది వేల రూపాయల ట్రావెల్ గిఫ్ట్ కార్డు తొమ్మిది వేల రెండు వందలకే. దసరా, సంక్రాంతి దగ్గర పడే కొద్దీ ఫోన్‌లో ఇలాంటివి వరుసగా కనిపిస్తాయి. బ్యాంకు రివార్డుల పేజీలో ఒకటి, షాపింగ్ యాప్‌లో ఇంకొకటి, వాట్సాప్‌లో ఎవరో ఫార్వర్డ్ చేసింది మరొకటి. ఎనిమిది వందలు మిగిలినట్టే అనిపిస్తుంది. నిజంగా మిగులుతాయా లేదా అన్నది మాత్రం కార్డు మీద పెద్దగా వేసిన అంకెను చూస్తే తెలియదు. కింద బూడిద రంగు అక్షరాల్లో ఉండే నియమ నిబంధనల పేజీ తెరిస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ రాసింది నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ప్రయాణాలను దృష్టిలో పెట్టుకుని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎప్పుడో అక్కరకొస్తుందని కార్డు కొని పెట్టుకోవద్దు. ఏ టికెట్టు కొనాలో తేలాక, ఆ టికెట్టుకు ఈ కార్డు పనికొస్తుందని తెరమీద చూసుకున్నాక, అదే పూట కొనండి. కింది అడుగులన్నీ దాని కోసమే.

1. ముందు ప్రయాణం తేల్చుకోండి

మన దగ్గర ఎక్కువ ప్రయాణాలు ఆర్టీసీ బస్సులోనో రైల్లోనో జరుగుతాయి. మహబూబ్‌నగర్ వాళ్లకు సికింద్రాబాద్–కర్నూలు లైను, నల్లగొండ వాళ్లకు సికింద్రాబాద్–గుంటూరు లైను. ట్రావెల్ గిఫ్ట్ కార్డుల లెక్కంతా విమానాలు, హోటళ్లు, టూర్ ప్యాకేజీల చుట్టూ తిరుగుతుంది. బస్సుకు, రైలుకు చెల్లుతుందని కార్డు షరతుల్లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప చెల్లదనే అనుకోండి. యాప్‌లో రైలు టికెట్లు అమ్ముతున్నంత మాత్రాన ఆ యాప్ గిఫ్ట్ కార్డు రైలుకు కూడా పనిచేస్తుందని కాదు. ఏ యాప్‌లో కొన్నా రైలు రిజర్వేషన్ టికెట్టు చివరికి ఐఆర్‌సీటీసీ ద్వారానే వస్తుంది.

తిరుపతి ప్రయాణమే తీసుకోండి. రైలు టికెట్టు ఒక దగ్గర, దర్శనం టికెట్లు, కొండమీద గది టీటీడీ దగ్గర. ఇక కార్డు ఉపయోగపడేది కింద తిరుపతిలో ప్రైవేటు హోటల్‌కే. ఒక రాత్రి గది కోసం పది వేల కార్డు కొంటే మిగతా డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది.

విమానం ఎక్కాలంటే మనకు ఎక్కువగా శంషాబాదే దిక్కు. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా, నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఔటర్ ఎక్కి పోతారు. తెల్లవారుజామున విమానం ఉంటే అర్ధరాత్రే కారు మాట్లాడుకోవాలి. ఆ కారు కిరాయికి కార్డు పనికిరాదు కాబట్టి ఆ డబ్బును ముందే పక్కన పెట్టి, మిగిలిన విమాన, హోటల్ ఖర్చు ఎంతో కాగితం మీద రాసుకోండి. కార్డు గురించి ఆలోచించాల్సింది ఆ అంకెకు మాత్రమే.

2. చేతికి వస్తున్నది కార్డా, కూపనా, ఉచిత టూర్ వోచరా?

మూడింటినీ 'గిఫ్ట్ వోచర్' అనే పేరుతోనే అమ్ముతారు. తేడా మాత్రం చాలా ఉంది.

అసలైన గిఫ్ట్ కార్డులో ఉన్నది డబ్బు. నంబరు, పిన్ ఉంటాయి, బ్యాలెన్స్ చూసుకోవచ్చు, బిల్లులో ఆ మొత్తం పూర్తిగా తగ్గుతుంది.

రెండోది డిస్కౌంట్ కూపన్. 'ఐదు వేల విలువైన హాలిడే వోచర్' అని రాసి ఉంటుంది, లోపలికి వెళ్తే బిల్లులో పది శాతం మాత్రమే, అదీ ఒక్కో బుకింగ్‌కు ఐదు వందలు మించకుండా తగ్గుతుందని ఉంటుంది. ఐదు వేలూ వాడాలంటే పది సార్లు ప్రయాణం చేయాలి. ఇలాంటిదాన్ని డబ్బు పెట్టి కొనకండి. ఊరికే వస్తే తీసుకోండి, అంతే.

మూడోది హైదరాబాద్ మాల్స్‌లో, ఎగ్జిబిషన్లలో చీటీ నింపించుకుని 'మీకు లక్కీ డ్రా తగిలింది, గోవాలో మూడు రాత్రులు ఉచితం' అని ఫోన్ చేసే రకం. భార్యాభర్తలిద్దరూ రావాలంటారు, గంటల తరబడి మెంబర్‌షిప్ అమ్ముతారు. వోచర్ తీసుకుని ఇంటికొచ్చాక తెలుస్తుంది: భోజనం, ప్రయాణం మీవే, 'యుటిలిటీ ఛార్జీలు' ముందే కట్టాలి, శనివారాలు, పండుగలు, డిసెంబరు చివరి వారం చెల్లదు, మీరు అడిగిన తేదీకి గది లేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పేది లేదు. వెళ్లకండి.

మన జిల్లాల్లో ఇంకో దారి కూడా ఉంది. విత్తనాలు, పురుగుమందులు, సిమెంటు అమ్మే డీలర్లకు కంపెనీలు అమ్మకాల టార్గెట్ మీద బహుమతులు ఇస్తుంటాయి. అందులో ట్రావెల్ వోచర్లు వచ్చినప్పుడు, వాడుకోలేని వాళ్లు తెలిసినవాళ్లకు తగ్గించి ఇచ్చేస్తుంటారు. మనిషి నమ్మకస్తుడే అయినా, కంపెనీలు టోకుగా కొన్న కార్డుకు, మీరు యాప్‌లో కొనే కార్డుకు షరతులు ఒకటే ఉండాలని లేదు. గడువు తక్కువ ఉండొచ్చు, ప్యాకేజీలకు మాత్రమే చెల్లొచ్చు. డబ్బు ఇచ్చేముందు వాళ్లకు వచ్చిన అసలు మెయిల్ చూపించమనండి.

3. షరతుల పేజీలో వెతకాల్సిన వాక్యాలు

మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఏది ఎక్కడ దాగి ఉంటుందో తెలుసుకుంటే చాలు.

మొదట, దేనికి చెల్లుతుంది. 'విమానాలు' అని రాసి ఉంటే దేశీయమా, అంతర్జాతీయమా అన్నది ఇంకో వాక్యంలో ఉంటుంది. హోటల్ విషయంలో ముందే డబ్బు కట్టే గదులకే చెల్లుతుంది. 'హోటల్‌లో చెల్లించండి' అని చూపించే గదికి యాప్‌లో కట్టేదే ఉండదు కాబట్టి కార్డు పెట్టే చోటే రాదు. చిన్న ఊళ్లలో చాలా లాడ్జీలు ఈ పద్ధతిలోనే ఉంటాయి.

తర్వాత కన్వీనియెన్స్ ఫీజు, అంటే బుక్ చేసినందుకు యాప్ అదనంగా వేసే ఛార్జీ. కొన్ని కార్డులు టికెట్టు ధరకే తగ్గుతాయి, ఫీజు మాత్రం మీ జేబులోంచి కట్టాలి. సీటు ఎంపిక, అదనపు లగేజీ, భోజనం, ఇన్సూరెన్స్ కూడా ఇంతే. ఇన్సూరెన్స్ డబ్బాలో ముందే టిక్ పెట్టి ఉందేమో చూసి తీసేయండి.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది: 'ఇతర ఆఫర్లతో కలపరాదు'. ఈ ఒక్క వాక్యం ఉంటే, కార్డు వాడిన బుకింగ్‌కు బ్యాంకు క్రెడిట్ కార్డు డిస్కౌంట్, పండుగ ప్రోమో కోడ్ పనిచేయవు. దీని లెక్క కింద విడిగా చూద్దాం.

ఒక బుకింగ్‌కు ఎన్ని కార్డులు? భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 27న ఇచ్చిన ప్రీపెయిడ్ సాధనాల (ముందే డబ్బు కట్టి తర్వాత వాడుకునే కార్డులు, వాలెట్ల) నిబంధనల ప్రకారం, వాటి కిందికి వచ్చే గిఫ్ట్ కార్డు విలువ పది వేల రూపాయలు మించకూడదు, అందులో మళ్లీ డబ్బు నింపకూడదు, నగదుగా తీసుకోకూడదు. అంటే నలుగురి విమాన టికెట్లకు మూడు నాలుగు కార్డులు కావాలి. కార్డు షరతుల్లో 'ఒక లావాదేవీకి ఒక కార్డు' అనో 'రెండు కార్డులు' అనో ఉంటే, కొన్న మిగతావి అక్కరకు రావు.

మిగిలిన బ్యాలెన్స్ ఏమవుతుంది? కొన్నిట్లో తర్వాత వాడుకోవచ్చు. 'ఒకేసారి పూర్తిగా వాడాలి' అని ఉంటే, పది వేల కార్డుతో ఏడు వేల టికెట్టు కొన్నప్పుడు మూడు వేలు పోయినట్టే. డిస్కౌంట్ ఎనిమిది వందలు, నష్టం మూడు వేలు.

గడువు విషయం కాస్త వివరంగా. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ జారీ చేసిన ప్రీపెయిడ్ సాధనానికి కనీసం ఏడాది గడువు ఉండాలి. గడువు ముగిసే ముందు 45 రోజుల్లో ఎస్ఎంఎస్ లేదా మెయిల్ ద్వారా హెచ్చరించాలి. గిఫ్ట్ కార్డును రీవాలిడేట్ చేయమని, అంటే మళ్లీ చెల్లేలా చేయమని అడిగే వీలు కూడా ఆ నిబంధనల్లో ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు, గడువు దాటింది కదా అని వదిలేస్తారు. అయితే ఒక మెలిక ఉంది. ఒక సంస్థ తన సొంత సేవల కోసమే తనే జారీ చేసుకునే కార్డును క్లోజ్డ్ సిస్టమ్ అంటారు, దానికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. అలాంటి కార్డుకు గడువు ఆ సంస్థ రాసుకున్నదే. కాబట్టి షరతుల్లో 'జారీ చేసినవారు' అన్న పేరు వెతకండి. యాప్ పేరు ఒకటి, జారీ చేసిన సంస్థ పేరు మరొకటి ఉండటం మామూలే. గొడవ వస్తే మీరు రాయాల్సింది ఆ రెండో పేరుకు.

గడువు లోపల బుక్ చేస్తే చాలా, ప్రయాణం కూడా పూర్తి కావాలా అన్నది కూడా చూడండి. హోటల్, ప్యాకేజీ వోచర్లలో ఈ రెండో రకం తగులుతుంది.

4. కొనకముందే చివరి పేజీ దాకా వెళ్లి రండి

షరతులు చదవడం కన్నా నమ్మదగిన పరీక్ష ఇది. మీకు కావలసిన విమానమో హోటలో ఎంచుకుని, ప్రయాణికుల పేర్లు నింపి, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లండి. కట్టకండి. అక్కడ గిఫ్ట్ కార్డు నంబరు అడిగే చోటు కనిపిస్తోందా? యాప్‌లో కనిపించి వెబ్‌సైట్‌లో కనిపించకపోవచ్చు, రెండూ చూడండి. ప్రోమో కోడ్ వేశాక ఆ చోటు మాయమైతే, రెండూ కలపనివ్వరని మీకు జవాబు దొరికినట్టే. కన్వీనియెన్స్ ఫీజుతో కలిపి మొత్తం ఎంతో కూడా ఈ పేజీలోనే తేలుతుంది. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

'ఇంకా 10 నిమిషాలే' అని గడియారం తిరుగుతుంటే టెన్షన్ పడకండి. లేని తొందర పుట్టించడం, చివరి పేజీలో ఛార్జీలు బయటపెట్టడం, అడగని వస్తువును బుట్టలో వేయడం లాంటి 13 పద్ధతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే పద్ధతులు) మార్గదర్శకాల్లో నిషేధించింది.

5. లెక్క వేయండి

ఉదాహరణకు, కాశీకి నలుగురు. శంషాబాద్ నుంచి వారణాసికి టికెట్లు మొత్తం 24,000 అనుకుందాం, మనిషికి 400 చొప్పున కన్వీనియెన్స్ ఫీజు 1,600. బిల్లు 25,600.

ఎనిమిది శాతం తగ్గింపుతో పది వేల కార్డులు రెండు కొంటే 18,400 కట్టారు. బిల్లులో 20,000 తీరింది, మిగిలిన 5,600 యూపీఐతో కట్టారు. చేతి నుంచి పోయింది 24,000. మిగిలింది 1,600, అంటే అసలు బిల్లు మీద 6.25 శాతం. ఎనిమిది కాదు.

ఇప్పుడు కార్డు లేకుండా, అదే పేజీలో మీ బ్యాంకు క్రెడిట్ కార్డుకు 2,000 డిస్కౌంట్ ఉందనుకోండి. 25,600 లోంచి 2,000 పోతే 23,600. గిఫ్ట్ కార్డు కన్నా 400 తక్కువ, పైగా డబ్బు ఎక్కడా ఇరుక్కోలేదు. ఇక్కడ గిఫ్ట్ కార్డుతో ఫాయిదా ఏమీ లేదు.

విమాన సంస్థ సొంత సైట్‌లో ధర ఎంతో కూడా ఈ లెక్కలోకి తీసుకోండి. ఎనిమిది శాతం తగ్గించిన కార్డు చెల్లే యాప్‌లో టికెట్టే ఐదు శాతం ఎక్కువ ఉంటే ఏం లాభం? ఇంకో మాట: గిఫ్ట్ కార్డు కొనుగోళ్లకు రివార్డు పాయింట్లు ఇవ్వని క్రెడిట్ కార్డులు ఉన్నాయి. పాయింట్ల ఆశతో కొనేవాళ్లు తమ బ్యాంకు మినహాయింపుల జాబితా చూసుకోవాలి.

నా కొలమానం మోటుగానే ఉంటుంది. అన్నీ పోను రెండు మూడు వందలే మిగిలేట్టుంటే కార్డు జోలికి పోను. అంత తక్కువకు తర్వాతి అడుగుల్లో ఉన్న కిరికిరి భరించడం దండగ.

6. కొనేటప్పుడు

బ్యాంకు రివార్డుల పేజీ, జారీ చేసిన సంస్థ, పేరున్న షాపింగ్ యాప్‌ల దగ్గరే కొనండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో 'సగం ధరకు' వచ్చేవాటిని ముట్టుకోవద్దు. నంబరు, పిన్ తెలిసిన వాళ్లెవరైనా వాడుకోగలిగే వస్తువు అది. మీకు అమ్మినవాడి దగ్గర కూడా ఆ నంబరు ఉంటుంది, మీరు వాడేలోపు బ్యాలెన్స్ ఖాళీ చేయొచ్చు. దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కొన్నదైతే తర్వాత బ్లాక్ అవుతుంది, మీ టికెట్టు కూడా రద్దు కావచ్చు.

ఒక కార్డుతో మొదలుపెట్టండి. అది పనిచేశాకే రెండోది. ఒకసారి అమ్మిన గిఫ్ట్ కార్డును వెనక్కి తీసుకోరని దాదాపు ప్రతి పేజీలోనూ రాసి ఉంటుంది.

ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ ఇస్తున్నారో ఆలోచించుకోండి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు కొని ఊళ్లో ఉన్న నాన్నకు పంపుతాడు, వాడేటప్పుడు ఓటీపీ కొడుకు ఫోన్‌కు పోతుంది, కొడుకేమో డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తడు, ఇక్కడ టికెట్టు ధర పెరుగుతుంది. కొనడం, బుక్ చేయడం ఒక్కరి చేతే అయిపోతే ఈ లొల్లి ఉండదు. కార్డు నంబరును కుటుంబ వాట్సాప్ గ్రూపులో వేయడం మాత్రం అసలు వద్దు.

షరతుల పేజీని కొన్న రోజే పీడీఎఫ్‌గానో స్క్రీన్‌షాట్లుగానో దాచుకోండి. ఆ పేజీ తర్వాత మారితే, మీరు కొన్న రోజు ఏముందో చూపించడానికి మీ దగ్గర ఉన్నదే ఆధారం.

7. రద్దు చేయాల్సి వస్తే

కాశీ ప్రయాణం ముందు రోజు ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు, రద్దు చేశారు. పై ఉదాహరణలోనే, క్యాన్సిలేషన్ ఛార్జీలు 14,000 పోయాయనుకుందాం. కన్వీనియెన్స్ ఫీజు 1,600 మామూలుగా తిరిగి రాదు. మిగిలింది 10,000.

ఈ పది వేలు ఎక్కడికి వస్తాయి? మీరు కట్టిన 5,600 యూపీఐలోకి ముందు వస్తాయనుకుంటాం. తిరిగి వచ్చే సొమ్ము ముందు గిఫ్ట్ కార్డుకే జమ అవుతుందని షరతుల్లో ఉంటే, మొత్తం కార్డులోకే పోతుంది, బ్యాంకులోకి రూపాయి రాదు. పైగా పాత కార్డుకే జమ అయితే పాత గడువే వర్తించవచ్చు. ఇంకో ఇరవై రోజుల్లో ముగిసే కార్డులో పది వేలు వచ్చి ఏం చేస్తారు?

అందుకే రెండు పనులు. బ్యాలెన్స్ సున్నా అయినా ప్రయాణం పూర్తయ్యేదాకా కార్డు మెయిల్‌ను, పిన్‌ను డిలీట్ చేయకండి. ప్రయాణం గట్టిగా లేదనుకుంటే, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నారనుకుంటే, గిఫ్ట్ కార్డు వాడకుండా మామూలుగా కట్టండి.

విమాన టికెట్ల విషయంలో డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనలు కొన్ని తెలిసి ఉండాలి. క్యాన్సిలేషన్ ఛార్జీ బేసిక్ ఫేర్, ఫ్యూయల్ సర్‌ఛార్జీ కలిపిన మొత్తాన్ని మించకూడదు. చట్టబద్ధమైన పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి ప్రయాణం చేయకపోతే తిరిగి ఇవ్వాలి, 'నాన్ రిఫండబుల్' టికెట్టుకైనా సరే. రిఫండ్‌ను విమాన సంస్థ తన క్రెడిట్ షెల్‌లో, అంటే తర్వాతి టికెట్టుకు వాడుకునే నిల్వగా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం, సంస్థ తనంతట తాను చేయకూడదు. కానీ ఇదంతా విమాన సంస్థ వైపు సంగతి. వాళ్లు మీరు బుక్ చేసిన పోర్టల్‌కు డబ్బు తిరిగి ఇచ్చాక, మీరు గిఫ్ట్ కార్డుతో కట్టారు కాబట్టి పోర్టల్ దాన్ని మళ్లీ కార్డులోకే వేయొచ్చు.

8. అమెరికా నుంచి పిల్లలు పంపే కార్డులు

నల్లగొండ, సూర్యాపేట వైపు ఇది తరచూ వస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అమ్మాయి, అక్కడి దుకాణంలో తగ్గింపు ధరకు దొరికిందని విమాన సంస్థ గిఫ్ట్ కార్డు కొని అమ్మానాన్నలకు మెయిల్ చేస్తుంది. అక్కడ 2009 నాటి కార్డ్ చట్టం ప్రకారం అమ్మిన గిఫ్ట్ కార్డుకు ఐదేళ్ల లోపు గడువు పెట్టకూడదు, అది నిజమే. అయితే ప్రచారం కోసం ఊరికే ఇచ్చే ప్రమోషనల్ కార్డులకు ఆ రక్షణ లేదు. ఇక గడువు బాగానే ఉన్నా, డాలర్లలో ఉన్న కార్డు ఇండియా సైట్‌లో, రూపాయల బుకింగ్‌కు తీసుకోకపోవచ్చు. కొన్ని సంస్థలు అమెరికా చిరునామా, అమెరికా ఖాతా కావాలంటాయి.

దీనికి తేలికైన దారి ఒకటే. "బిడ్డా, కార్డు పంపకు, టికెట్టే అక్కడి నుంచి నువ్వు తీసెయ్" అని చెప్పడం. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు స్పెల్లింగ్ మాత్రం పంపండి, ఇంటిపేరు దగ్గర తప్పులు దొర్లుతుంటాయి.

9. మోసపోయినా, పని చేయకపోయినా

డబ్బు కొట్టేశారని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఇక్కడ ఆలస్యం చేసే ప్రతి గంటా నష్టమే.

కార్డు అసలైనదే, కానీ చెప్పిన చోట చెల్లడం లేదంటే ముందు జారీ చేసిన సంస్థకు మెయిల్ రాయండి. ఫోన్‌లో మాట్లాడితే ఆధారం ఉండదు. కార్డు చివరి నాలుగు అంకెలు, కొన్న తేదీ, షరతుల్లోని వాక్యం, పనిచేయని పేజీ స్క్రీన్‌షాట్ జత చేయండి. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ అయి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఆర్‌బీఐ (రిజర్వు బ్యాంకు) అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చు లేదు. వివరాలకు 14448.

ట్రావెల్ పోర్టల్, హోటల్, హాలిడే క్లబ్ మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో ఉందని వెనక్కి తగ్గనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కేసు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. సమస్య ఎదురైన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి.